పాచి జాగ్రత్త

కొత్తగా ల్యాబుల్లో చేరే పిల్లలకు ముందే చెబుతున్నాను. సముద్రపు రాళ్ళ మీద పెరిగే సూక్ష్మజీవులతో మీకు పని పడిందంటే, ఊళ్ళో ఎవరూ మిమ్మల్ని శాస్త్రవేత్తలనరు. పాచి గీకేవాళ్ళంటారు. నా ఉద్యోగం గురించి చుట్టాలెవరైనా అడిగితే మా అత్తగారు "ఏదోలెండి, హార్బరు దగ్గర పాచి పని" అని తేల్చేసేది. పాచి పనంటే అంట్లు తోమడం, ఇల్లు ఊడవడం అని మీకు తెలుసు కదా. ఎలమంచిలి నుంచి వచ్చిన ఒకావిడ అది నిజమనే నమ్మి, విశాఖలో వాళ్ళమ్మాయి కొత్తగా కాపురం పెట్టింది, అక్కడ కూడా ఒక పూట చేసి పెడతావా అని నన్నే అడిగింది.

మర్నాడు ల్యాబులో ఈ ముచ్చట చెబితే ఒకావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఎల్లకపోనావా వదినా! అక్కడైతే మజ్జానం టీ అయినా ఇచ్చీవోరు" అంది. నేను చెప్పబోయేది ఆవిడ గురించే. ఇప్పుడు లేదు. ఈ మాట మొదట్లోనే రాసేస్తున్నాను, చివరిదాకా దాచి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చెయ్యడం నాకిష్టం లేదు.

ఆవిడ శాస్త్రవేత్త, నేను అదే ల్యాబులో టెక్నికల్ అసిస్టెంటుని. చేరిన కొత్తలో నేను మేడమ్ అని పిలిస్తే ఊరుకోలేదు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడని తెలుసుకుని, "మేడమ్ ఏటి? మీ గోదారోళ్ళు రాయికీ రప్పకీ వరసెట్టి పిలుత్తారంట గదా. నాకూ ఓ వరస ఎట్టు" అంది. వదినా అన్నాను. అప్పట్నుంచి ఇద్దరం ఒకరికొకరం వదినలమే. ఆవిడది పాత ఊళ్ళో తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబం. ఇంట్లో ఉర్దూ, బయట అచ్చమైన విశాఖ తెలుగు. పెద్ద పెద్ద సెమినార్లలో కూడా పక్కవాళ్ళతో అదే భాషలో గుసగుసలాడి నవ్వించేది. వాళ్ళ నాన్నగారు గొడుగులు బాగుచేసే కొట్టు నడిపేవారు.

"మా అబ్బా గొడుగులు బాగుసేత్తాడు. నాను గొడుగేసుకునే పాసి కోసం సదువుతన్నాను. ఇద్దరిదీ ఒకటే యాపారం వదినా" అనేది.

పాచి గొడుగేసుకోవడమేమిటని మీకనిపించవచ్చు. ఆ సంగతి కొంచెం చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పాఠ్యపుస్తకంలో మీరు నీలి ఆకుపచ్చ శైవలాలని చదివుంటారు. ఇప్పుడు సయనోబాక్టీరియా అంటున్నారు. వాటికి బతకడానికి ఎండ కావాలి. ఆ ఎండలోనే అతినీలలోహిత కిరణాలుంటాయి, అవి తగిలితే కణం లోపలి జన్యు పదార్థం దెబ్బతింటుంది. అన్నం పెట్టే చెయ్యే కొడుతుందన్నమాట. అందుకని అవి రకరకాల పాట్లు పడతాయి. కొన్ని ఎండ ముదిరేసరికి మెల్లగా కింది పొరల్లోకి జారుకుంటాయి. కొన్ని ఆ కిరణాలను పీల్చేసుకునే పదార్థాలను ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. అయినా దెబ్బ తగిలితే తెగిన చోట అతుకులు వేసుకుంటాయి. మా వదిన ప్రాణం పెట్టుకున్న రకం మాత్రం ఇంకో పని కూడా చేస్తుంది. తన చుట్టూ ఉన్న జిగురు తొడుగుకి గోధుమ రంగు వేసుకుంటుంది. స్కైటోనెమిన్ అంటారు ఆ రంగును. అదే దాని గొడుగు.

మా సంస్థ వెనక సముద్రంలోకి దిగే పాత రాతిమెట్లు ఉండేవి. ఫిషింగ్ హార్బరు దగ్గరే కావడంతో గాలి తిరిగితే ఎండుచేపల వాసన ముంచెత్తేది. ఆ మెట్ల మీద ఆ పాచి దళసరిగా పట్టి ఉండేది. చూసినవాళ్ళెవరైనా ఓడరేవు నుంచి ఎగిరొచ్చిన ఇనుప ఖనిజం దుమ్మనుకుంటారు. పాత ఊళ్ళో డాబాల మీద ఆరేసిన బట్టలకు అంటే దుమ్ము కూడా ఆ రంగే మరి. కానీ బ్లేడు మొనతో పై పొర లేపి చూస్తే కింద కంటికి చల్లగా పచ్చటి పొర కనిపించేది. నాకు మొదటిసారి చూపించినప్పుడు నేను కొబ్బరిబొండాం కొట్టినప్పటిలా ఓహో అన్నాను. వదిన ఆ ఓహోను ఏళ్ళ తరబడి అందరి దగ్గరా వెక్కిరించింది.

ఆ గోధుమ పొరలోని కణాల్లో చాలావరకు చచ్చిపోయినవే. ఎండకు మాడి, ఎండి, ఖాళీ తొడుగులు మిగులుతాయి. రంగు మాత్రం ఆ తొడుగుల్లో అలాగే ఉంటుంది. చచ్చిపోయినవాటి గొడుగు కింద బతికున్నవి ఎన్నాళ్ళు నెట్టుకురాగలవు? ఈ ఒక్క ప్రశ్న మా వదినది. గాజుసీసాలో, ట్యూబులైటు కింద తేలే ప్రశ్న కాదది. ఒకే చోట, నిజమైన ఎండలో, ఎవరూ కదపకుండా, ఎండాకాలం వెనక ఎండాకాలం చూడాలి. అందుకు ఆవిడ ఎంచుకున్నవి ఆ మెట్లు.

చూడ్డం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే ఆవిడకు లూపస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన శక్తులే పొరపాటుపడి ఒంటి మీద దాడి చేసే జబ్బు. ఆ జబ్బున్న చాలామందికి ఎండ పడదు. ఆవిడకు అస్సలు పడేది కాదు. కాసేపు ఎండలో నిలబడితే ముక్కుకు రెండు పక్కలా బుగ్గలు ఎర్రగా పొంగేవి, రాత్రికి జ్వరం, కీళ్ళ నొప్పులు. రోజంతా ఎండలో పనిచేసే మనిషికి ఎండే విషమైంది. నాకైతే ఆ దేవుడెవడో గానీ వాణ్ణి నిలదియ్యాలనిపించింది. ఆవిడ మాత్రం డాక్టరు కాగితాలు నా బల్ల మీద పడేసి, "సూసినావా, నాకు గోదుమ రంగు తొడుగు ఇవ్వడం మర్సిపోనాడు" అని పైకి చూపించింది.

వాళ్ళ నాన్న ఆవిడ కోసం ఒక పెద్ద నల్ల గొడుగు ప్రత్యేకంగా తయారుచేశారు. రెండు పొరల బట్ట, గట్టి పుల్లలు. సముద్రపు గాలికి కూడా తిరగబడేది కాదు. అది పట్టుకుని ఒడ్డున నీడలో నిలబడేది, నేను మెట్లు దిగి ముక్కలు తెచ్చి ఇచ్చేదాన్ని. నా పని చూసి అక్కణ్ణుంచే కేకలు. "అటు కాదు వదినా, మీ గోదారి ఎడమ కాదు, మా ఇసాపట్నం ఎడమ!"

ఇక బోర్డు సంగతి. మెట్ల మీద జాలర్లు వలలు ఆరేసుకుంటున్నారు, సాయంత్రాలు జంటలు కూర్చుంటున్నాయి, పాచి పొర చెదిరిపోతోంది. ఒక బోర్డు పెడదామనుకున్నాం. నేను శ్రద్ధగా కూర్చుని "పరిశోధన నిమిత్తం సంరక్షింపబడుచున్న స్థలము, ప్రవేశము నిషిద్ధము" అని రాసిచ్చాను. వదిన చదివి, "ఇది సదివేలోపు ఆడు మెట్లు దిగి తానం సేసి ఎల్లిపోతాడు. రెండు మాటలు సాలు" అంది. గొడుగుల కొట్లో పడున్న చెక్క మీద, పాత ఊరి పెయింటరు చేత ఎర్రటి అక్షరాలతో రాయించి తెచ్చింది.

పాచి జాగ్రత్త.

పాచిని జాగ్రత్తగా చూసుకోండి అని ఆవిడ ఉద్దేశం. నిజంగా దివ్యంగా పనిచేసింది ఆ బోర్డు. ఆ తర్వాత ఒక్కరూ మెట్ల మీద అడుగు పెట్టలేదు. వలలు పోయాయి, జంటలు పక్క గట్టు మీదకి మారాయి. "సూసినావా, మన జనాలకి పాసి మీద ఎంత గౌరవమో" అని ఆవిడ మురిసిపోయేది. గౌరవం కాదని, జారిపడతామన్న భయమని మాకిద్దరికీ తట్టనే లేదు. ఎప్పుడూ పాచినే చూసేవాళ్ళకు కాళ్ళు జారే సంగతి గుర్తుండదు కాబోలు.

అలా కొన్ని ఎండాకాలాలు గడిచాయి. జబ్బు ఆవిడ కిడ్నీల్లోకి దిగింది. మనిషి సగమైంది. డాక్టర్లు విశ్రాంతి అంటుంటే, ఇంకొక్క ఎండాకాలం చూస్తే చాలు, రాసేస్తానని రోజూ వచ్చేది. ఆవిడకు మిగిలిన ఆశ అదొక్కటే, మాకందరికీ తెలుసు.

ఆ సంవత్సరం మే నెలలో మా ఆఫీసుకు కొత్త పరిపాలనాధికారి వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. ఒకరోజు పొద్దున్న నేనూ వదినా ఆటో దిగి వెనకవైపు వెళ్ళేసరికి ఆయన మెట్ల దగ్గర నిలబడి మాకోసమే ఎదురుచూస్తున్నారు. ముఖమంతా సంతోషం.

"రండి మేడమ్, రండి. చూడండి ఎంత శుభ్రంగా ఉందో. మీరు ఒంట్లో బాగోకపోయినా రోజూ ఇటే వస్తున్నారు. ఆ పాచి మీద ఎక్కడ జారిపడతారోనని నాకు నిద్ర పట్టడం లేదండీ. మీరే బోర్డు కూడా పెట్టుకున్నారు పాపం. అందుకే నిన్న ఆదివారమైనా మనుషుల్ని పిలిపించి, దగ్గరుండి గీకించాను."

మెట్లన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. పక్కన తీగ బ్రష్షులు, చీపుళ్ళు, నీళ్ళ బకెట్లు. బోర్డు మాత్రం తుడిచి, నిటారుగా పాతి ఉంది.

వదిన ఆయన ముఖం చూసింది, మెట్లు చూసింది, బోర్డు చూసింది. తర్వాత "థాంక్స్ సార్, శానా శ్రమ పడినారు" అంది. ఆయన మొహమాటపడుతూ, ఇందులో ఏముందండీ అంటూ లోపలికి వెళ్ళిపోయారు. తిట్టడానికి ఒక్క దుర్మార్గుడైనా ఉంటే ఆ రోజు నాకు ఎంత బాగుండేదో. ఆవిడ మీద ప్రేమ కొద్దీ చేసిన పనది.

బకెట్లు సర్దుకుంటున్న పారిశుద్ధ్య కార్మికురాలిని వదిన పిలిచింది. "అమ్మా, బ్లీచింగ్ ఏసినారేటి?"

ఆమె కంగారుపడింది. "నేదమ్మా. బాత్రూములకే అయిపోనాది, ఇక్కడికి మిగల్లేదు. ఒట్టి నీళ్ళెట్టి గోకీసినాం. ఏటమ్మా, ఏసీయాలా? పాసి జాగ్రత్త అని రాసుంటే, పాపం మేడమ్ జారిపోతాదేమోనని మేమూ గట్టిగానే గోకినాం."

"సాలు. శానా బాగా గోకినారు" అంది వదిన. బ్లీచింగ్ పడి ఉంటే ఏం బతికినా ఏం చచ్చినా కారణం చెప్పడానికి ఉండదు. ఆ క్షణంలో కూడా ఆవిడ బుర్ర ప్రశ్నను వదల్లేదు.

తర్వాత మెట్లు దిగింది. వద్దంటున్నా వినలేదు. వంగి చూస్తే, బ్రష్షులు పైనున్న గోధుమ పొరను ఊడ్చేశాయి గానీ, కింది పచ్చ పొర అక్కడక్కడ పలచగా రాతిని అంటుకునే ఉంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఆ పచ్చదనం ఇక ఎన్నాళ్ళో ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ తన తల మీది గొడుగు తీసి ఆ పచ్చటి మరక మీద పట్టింది.

"వదినా! పిచ్చా నీకు? నువ్వు ఎండలో ఉన్నావ్!"

"నాను నీడలోకి ఎల్లగలను. ఇవి ఎక్కడికి ఎల్తాయి?"

"కిందికి జారుకుంటాయని నువ్వే కదా చెప్పావ్."

"కింద రాయి ఉన్నాది వదినా. ఇంక జారడానికి సోటు లేదు" అని, అప్పుడు ఏడ్చింది. అన్నేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. గొడుగు లాక్కుని ఆవిడ మీద పట్టి, రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. అప్పటికే బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆ మెట్ల దగ్గరికి ఆవిడ మళ్ళీ రాలేదు.

ఆవిడ ఆసుపత్రిలో చేరాక నేనే రోజూ వెళ్ళి చూసేదాన్ని, ఫోనులో ఫొటోలు తీసి పంపేదాన్ని. గీకిన చోట పచ్చదనం రోజురోజుకీ పాలిపోయి చివరికి తెల్లబడిపోయింది. కానీ రాతిలో చిన్న చిన్న గుంటలున్నాయి, బ్రష్షు తీగలు వాటిలోకి వెళ్ళలేదు. అక్కడ గోధుమ పొర అలాగే మిగిలింది. ఒక గుంటలోంచి చిటికెడు తీసుకొచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి, కంటి గొట్టానికి ఫోను ఆనించి ఫొటో తీశాను. ఆ ఫోను చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను.

వదిన కళ్ళు తెరవడానికే కష్టపడుతోంది. ఫోను ఆవిడ ముఖం దగ్గర పెట్టాను.

"పైనవి?" అంది.

"పైనవి చచ్చిపోయాయి వదినా. ఉత్త తొడుగులే."

"రంగు?"

"రంగు ఉంది."

"కింద?"

"పచ్చగా ఉన్నాయి. కదులుతున్నాయి కూడా. పక్కన గీకిన చోట ఒక్కటి కూడా మిగల్లేదు."

ఆవిడ చాలాసేపు ఆ ఫొటో చూసింది. పెదాలు కొద్దిగా సాగాయి. "నాను సెయ్యలేని ప్రయోగం ఆ సారు సేసీసినాడు. నాకైతే గోకడానికి సెయ్యి ఆడేది కాదు" అంది. నేను ఉత్సాహంగా, ఇది రాసేద్దాం, నువ్వు చెప్పు నేను టైపు చేస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఒక సోట, ఒక ఎండాకాలం. ఇది రుజువు కాదు వదినా. అలాగని అబద్దమూ కాదు. ఇంకోసోట సూడాల." ఎవరు చూడాలో చెప్పలేదు.

లేచి వస్తుంటే "జాగ్రత్త వదినా" అంది. సరే అన్నాను. లిఫ్టు దగ్గరికి వచ్చాక అనుమానమొచ్చింది. ఇంటికి జాగ్రత్తగా వెళ్ళమందా, ఆ గుంటల్లో మిగిలినవాటిని జాగ్రత్తగా చూసుకోమందా? రేపు అడుగుదాంలే అనుకున్నాను. రేపటికి ఆవిడ మాట్లాడే స్థితిలో లేదు. మరి రెండు రోజులకు పోయింది.

మెట్ల సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత చెప్పే ఓపిక ఉండదు. ఆవిడతోటే ఆ ప్రాజెక్టూ ముగిసింది. అలలకు గట్టు కోసుకుపోతోందని ఆ మెట్లను సిమెంటుతో కప్పేశారు. ఆపడం నా బోటి ఉద్యోగి వల్ల అయ్యే పని కాదు. అసలు విషయం తెలిశాక ఆ పరిపాలనాధికారి నా గదిలోకొచ్చి, కుర్చీలో కూలబడ్డారు. నాకు జాలేసి, టీ తెప్పించి ఇచ్చాను. ఏ ఊళ్ళోనైనా సరే, మీలో ఎవరైనా ఇంకో చోట చూస్తారన్న ఆశతోనే మధురవాడలో ఈ అపార్టుమెంటులో కూర్చుని ఇదంతా రాస్తున్నాను. బోర్డు పెడితే మాత్రం రెండు మాటలతో సరిపెట్టకండి. జీవితంలో ఒక్కసారి ఆఫీసు తెలుగే మేలనిపించింది నాకు.

ఆవిడ పోయిన రోజు పాత ఊరికి వెళ్ళాను. మగవాళ్ళు జనాజాతో సమాధుల దాకా వెళ్ళి తిరిగొచ్చేదాకా ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఇల్లు సద్దుమణిగాక వాళ్ళ నాన్నగారు నా దగ్గరికి వచ్చారు. ఆవిడ నాకు వదిన కాబట్టి ఆయన్ను మావయ్యగారూ అనేదాన్ని.

"అమ్మా, అన్నేళ్ళు ఆ రాళ్ళ మీద అది ఏటి సూసేది? నాకెప్పుడు సెప్పినా నవ్వులాటే. గొడుగులు అబ్బా, గొడుగులు అనీది" అన్నారు.

చెప్పాను. పైనున్నవి ఎండకు చచ్చిపోతాయని, వాటి రంగు మాత్రం పోదని, ఆ రంగు నీడలో కిందున్నవి బతుకుతాయని. ఆయన వింటూ కూర్చున్నారు. ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళి ఆవిడ గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"బయట ఎండ శానా ఉన్నాది. తీసుకెల్లమ్మా."

"వద్దండి మావయ్యగారూ, మీ దగ్గరుండనివ్వండి."

"నాకు గొడుగులకేటమ్మా తక్కువ" అని విప్పి చూపించారు. ఒకప్పుడు నల్లటి బట్ట. ఎండకు వెలిసి వెలిసి గోధుమ రంగులోకి తిరిగిపోయింది. "బట్ట మార్సీనా అని ఎన్నిసార్లో అడిగినాను. ఒప్పుకోనేదు. రంగు మారితే ఏటబ్బా, నీడ పోనేదు గదా అనీది."

నేను గుమ్మం దిగుతుంటే వెనకనుంచి "జాగ్రత్తమ్మా" అన్నారు. ఎండ గురించి అన్నారో, గొడుగు గురించి అన్నారో, నా గురించి అన్నారో ఈసారి కూడా నేను అడగలేదు. గొడుగు వేసుకుని, బస్టాపు దాకా దాని నీడలో ఏడుస్తూ నడిచాను.